తెలియని నష్టం ఖాతా

మా ఇంట్లో ప్రోటాను బరువు తేలిపోయింది. తేల్చింది మా ఆయన దేవిదాస్. వంటింట్లో నల్లా ఎక్కడ కారుతోందో ఇప్పటిదాకా తేల్చలేని మనిషి, కంటికి కనపడని కణం ఎంత తూగుతుందో ముందుగదిలో కూలరు ఎదుట కూర్చుని తేల్చేశాడు. ఈ సంగతి ప్రపంచానికి ఇంకా తెలియదు. నిజామాబాద్ మొత్తంలో నాకు తెలుసు, మా ఇంటి చాయ్ తాగే ఇంకో ఇద్దరికి తెలుసు. ప్రోటాను ఎంత తూగితే నాకేమిటి? తూగనీ. కానీ అదే లెక్క చివరికి మా ఆయన కాలి మీదికి వచ్చింది. నా కోపమంతా అందుకే.

నేను పుష్పలతను. రెంజల్ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సైన్సు నాకు రాదు, రాదని చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు. మా ఆయనకు కొంచెం వచ్చు. వచ్చిన చిక్కంతా ఆ కొంచెంతోనే. బీయెస్సీ చదివి చందూరు దగ్గర ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లులో ల్యాబు కెమిస్టుగా చేరాడు. ఆ మిల్లు మూతపడి ఏళ్ళు దాటింది, పేరు చెప్పినా ఇప్పుడు గుర్తుపట్టేవాళ్ళు లేరు, గోడలు కూడా ఎవరో ఇటుకల కోసం విప్పుకుపోయారు. మా ఆయన మాత్రం ఇంకా అందులోనే డ్యూటీ చేస్తున్నాడు.

మిల్లు పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ మనిషి లెక్క ఎవరికీ అంతు పట్టదు. చెరకు రసం ఎంత చిక్కగా ఉందో చూడటానికి పొడుగాటి గ్లాసులో రసం పోసి అందులో గాజు హైడ్రోమీటరు వదులుతారు. అది ఎంతవరకు మునిగిందో చూసి అంకె చదువుతారు. ఆ పరికరం ఇరవయ్యేడున్నర డిగ్రీల వేడికి సరిపోయేట్టు చేసింది. బోధన్ వైపు మిల్లులో రసం అంత చల్లగా ఏనాడుంది కనుక. రసం వేడిగా ఉంటే పలచబడుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. అప్పుడు గోడకు వేలాడే పట్టిక చూసి, ఎంత వేడి ఉంటే అంత కలుపుతారు. దాన్ని సవరణ అంటారు. ఇది మొదటి ముక్క.

రెండోది నష్టాల ముక్క. లోపలికి వెళ్ళిన చెరకులో ఇంత చక్కెర ఉంది, సంచుల్లోకి ఇంతే వచ్చింది, తక్కినది ఏమైంది? పిప్పిలో కొంత పోయింది, వడపోసిన మట్టిలో కొంత, మొలాసిస్‌లో కొంత. ఇవి తెలిసిన నష్టాలు, కొలిచి రాస్తారు. అన్నీ కూడినా ఇంకా కాస్త తేడా మిగులుతుంది. దాన్ని 'తెలియని నష్టం' అనే ఖాతాలో వేసి లెక్క మూసేస్తారు. ఇందులో దొంగతనం లేదు, మోసం లేదు, మిల్లుల్లో అందరూ చేసేదే. కొంచెంగా ఉన్నంతకాలం ఎవరూ ఏమీ అనరు. మా ఆయన ఉద్యోగమున్నన్ని రోజులు సాయంత్రం ఆ గడి నింపి, చేతులు కడుక్కుని, ఇంటికొచ్చి నిశ్చింతగా అన్నం తిన్నాడు. మిగిలిపోయిన ప్రతిదానికీ ఒక గడి ఉందనుకుంటే మనిషి ఎంత దూరం పోగలడో నాకు ఈ మధ్యే తెలిసింది.

ఇంక ప్రోటాను కథ. పరమాణువులో ఎలక్ట్రాన్లు వరసలు వరసలుగా ఉంటాయట. మొదటి వరసలో రెండు, రెండోదాంట్లో ఎనిమిది, మూడోదాంట్లో పద్దెనిమిది, నాలుగోదాంట్లో ముప్పై రెండు పడతాయట. ఇదంతా బడి పుస్తకాల్లో ఉన్నదే, ఎవరూ దాచిపెట్టలేదు. మా ఆయన ఫోనులో ఏదో వీడియో చూస్తూ చూస్తూ ఆ నాలుగు అంకెలనూ కూడాడు. అరవై వచ్చింది. రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పుష్పా, చూసినవా? అరవై. గంటకు నిమిషాలు అరవై. తెలుగు సంవత్సరాలు అరవై."

"నీకు బుద్ధి తప్పింది గూడ అరవైలనే," అన్నాను.

ఆయన వినలేదు. ప్రోటాను ఎలక్ట్రాను కంటే పద్దెనిమిది వందల ముప్పై ఆరు రెట్లు బరువు. ఇది పెద్దపెద్దవాళ్ళు కొలిచి చెప్పిన అంకె. మా ఆయన అరవైని ముప్పైతో గుణించాడు, పద్దెనిమిది వందలయింది. ఇంకా ముప్పై ఆరు కావాలి. మూడో వరసలోని పద్దెనిమిదిని రెండుసార్లు వేశాడు. వచ్చేసింది. ముప్పై ఎందుకయ్యా అంటే నెలకు ముప్పై రోజులన్నాడు. పద్దెనిమిది రెండుసార్లు ఎందుకంటే మొదటి వరసలో ఉన్నవి రెండే కదా అన్నాడు. అసలు బరువుకు చివర చిన్న తోక ఉందట, సున్నా పాయింటు పదిహేను. ఆ తోక ఏమైంది? ఇంకేమవుతుంది, తెలియని నష్టం.

తర్వాత మ్యూయాన్ అనే ఇంకో కణాన్ని పట్టుకున్నాడు. అది రెండు వందల ఆరు రెట్లు, పైన ముప్పావు. ఈసారి అరవైని మూడుతోనే గుణించి, పద్దెనిమిదీ ఎనిమిదీ కలిపాడు. రెండు వందల ఆరు వచ్చింది. ముప్పావు నష్టం ఖాతాలోకి పోయింది.

"ప్రోటానుకు ముప్పై, దీనికి మూడా? గిదేం న్యాయం?" అని అడిగాను.

"దాని బరువును బట్టి దానికి."

"బరువు ముందే తెలిస్తే ఇగ నువ్వు తేల్చిందేంది?"

"నీకు తెలుగొస్తది. గంతవరకే ఉండు, పంతులమ్మా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను చాలామందిని చూశాను. ఈయన ముందు మూడు కాళ్ళని రాసుకుని, తర్వాత కుందేలు కోసం బయల్దేరే రకం. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. రిటైరైన మొగవాళ్ళు పేకాట ఆడతారు, పొద్దంతా టీవీ ముందు కూర్చుని అరుస్తారు. దానికంటే ఇది నయమే కదా అనుకున్నాను. అంత మంచిదాన్ని నేను.

ఇంట్లో నేను నవ్వుతుంటే ఆయనకు బయట మనుషులు దొరికారు. ఒకరు బాలనర్సయ్య, సర్వేయరుగా చేసి దిగాడు. ఒకే భూమిని రెండుసార్లు కొలిస్తే కొంత తేడా ఉన్నా ఫరవాలేదని వాళ్ళ డిపార్టుమెంటు ఒప్పుకుంటుందట, అందుకని మా ఆయన నష్టం ఖాతా ఆయనకు కడుపునిండా నచ్చింది. ఇంకొకరు ఎజ్రా, పోస్టాఫీసులో చేశాడు, ఇప్పుడు మెథడిస్టు చర్చిలో పాటల బృందం చూసుకుంటాడు. ఎజ్రాది మెత్తని మనసు. ఎవరేం చెప్పినా బాధపెట్టకూడదని తలూపుతాడు. ఒకరు ఒప్పుకునేవాడు, ఒకరు తలూపేవాడు. అబ్బో, సిద్ధాంతానికి ఇంతకంటే ఏం కావాలి. ముగ్గురూ కలిసి దానికి అణు మండలి అని పేరు పెట్టారు. మండలి ఖర్చంతా నా చాయ్‌పత్తాలో పడింది.

హైదరాబాదులో ఎవరెవరో ప్రొఫెసర్ల నంబర్లు సంపాదించి సిద్ధాంతం వాట్సాప్‌లో పంపారు. ఎవరూ జవాబివ్వలేదు.

"నీలం గీతలు పడ్డయన్నా," అన్నాడు బాలనర్సయ్య ఫోను దగ్గరగా పెట్టుకుని. "సదివిండ్రు. తప్పుంటే తప్పని అంటుండ్రి కద."

"అంటుండ్రి," అన్నాడు ఎజ్రా.

మండలికి అడ్డం పడింది ఒక్కటే, టౌ అనే కణం. అది మూడు వేల నాలుగు వందల డెబ్భై ఏడు రెట్లు. మా ఆయన ఎంత తిప్పినా ఒకసారి అయిదు తక్కువొస్తుంది, ఇంకోసారి ఒకటి ఎక్కువొస్తుంది. అయిదంటే నష్టం ఖాతాకు మరీ ఎక్కువ, మిల్లులో అయితే మేనేజరు పిలిపిస్తాడు. ఒకటి ఎక్కువ రావడం అంతకంటే ఘోరం. తెలియని నష్టం ఉండొచ్చు గాని తెలియని లాభం ఉండదట. వచ్చిన చెరకులో ఉన్నదానికంటే సంచుల్లో చక్కెర ఎక్కువుంటే కాటా తప్పని అర్థం. ఈ ఒక్క విషయంలో ఆయన నిజాయితీ చూసి నేను కూడా మెచ్చుకున్నాను. ఆయన అంకెలన్నీ సరి సంఖ్యలు, డెబ్భై ఏడు బేసి, ఎట్లా వస్తుందయ్యా అని నాలాంటి తెలుగు టీచరుకే తట్టింది. చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇట్లా ఉండగా ఊళ్ళో వయోవృద్ధుల సంఘంవాళ్ళు నెల నెలా పెట్టే మీటింగుకు మా ఆయనను మాట్లాడమని పిలిచారు. పోయిన నెల మోకాళ్ళ నొప్పుల మీద ఎవరో మాట్లాడారు, ఈ నెలకు మనిషి దొరకలేదు. ఆయనకు అదేదో దేశం పిలిచినట్టే ఉంది. మిల్లులో ఉన్నన్నాళ్ళూ చెప్పులతోనే వెళ్ళాడు, పెళ్ళిలో కూడా చెప్పులే. ఇప్పుడు మైకు ముందు నిలబడాలి కాబట్టి బూట్లు కావాలన్నాడు. నల్లగా మెరిసేవి తెచ్చుకున్నాడు. అలవాటు కావాలని ఇంట్లో ముందుగది నుంచి వంటింటి దాకా టకటకలాడుతూ తిరిగేవాడు. ఏప్రిల్ ఎండలో నిజామాబాదులో మనుషులు ఒంటి మీద బనీను కూడా ఓర్చుకోలేరు, ఈయన బూట్లు విప్పాక కూడా సాక్సు విప్పలేదు. పడుకునేటప్పుడూ సాక్సే.

"ఏందయ్యా గవి? కాళ్ళకు ఊపిరాడొద్దా?"

"అలవాటు కావాలె, పుష్పా. మీటింగుల తడబడితే బాగుండది."

సరేలే, పెద్ద సైంటిస్టు కదా అని ఊరుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా ఆయనకు షుగరు జబ్బు ఉంది, చాలా ఏళ్ళనుంచి. చక్కెర మిల్లులో చేసినోడికి షుగరా అని చుట్టాలంతా ఒక్కసారి నవ్వి వదిలేశారు. కామారెడ్డిలో ఉండే మా బిడ్డ అఖిల వేలు పొడిచి చూసుకునే మిషను కొనిచ్చింది. రోజూ పొద్దున బాల్కనీలో కూర్చుని రక్తం చుక్క పెట్టి, అంకె చూసి, వంటింట్లో ఉన్న నాకు వినపడేట్టు గట్టిగా చెప్తాడు. "నూట నలభై." ఇంకో రోజు, "నూట యాభై." జీవితమంతా అంకెలు చదివి చెప్పిన మనిషి, అనుమానమెందుకొస్తుంది? అంకె మంచిగా ఉన్న రోజు ఒక మామిడిపండుకు నేనే ఒప్పుకునేదాన్ని. ఈ యేడు మామిడిపళ్ళు బాగానే తిన్నాడు.

మీటింగు రోజు పొద్దున పాలు తొందరగా కాగాయి. ఆయన పిలిచేలోపే చాయ్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. మిషను ఆయన చేతిలో ఉంది. నేను వెనక నిలబడ్డానని తెలియక, వంటింటి వైపు మెడ చాపి, "నూట యాభై," అని అరిచాడు. మిషనులో మూడు వందల పద్దెనిమిది ఉంది.

కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చూశాను. మూడు వందల పద్దెనిమిదే.

"మూడొందల పద్దెనిమిది ఉంటే నూట యాభై అంటవేంది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు గాని, తప్పు చేసి దొరికిన మొహం పెట్టలేదు. అదే నాకు ఒళ్ళు మండింది. బడిలో పిల్లవాడికి అర్థం కాలేదని మళ్ళీ చెప్పే మాస్టారులాగా మెల్లగా చెప్పాడు.

"గీ మిషను చల్లటి దేశంల తయారైంది, పుష్పా. మన ఎండకు ఎక్కువ చూపిస్తది. సవరణ చెయ్యాలె. సగం తీసేస్తే నూట యాభై తొమ్మిది."

"మరి తొమ్మిదేమాయె?"

చెప్పక్కర్లేదు. ఆ తొమ్మిది ఏ ఖాతాలోకి పోయిందో నాకు తెలుసు.

"ఎన్నాళ్ళసంది గీ సవరణ?"

"ఎండలు మొదలైనకాడికెళ్ళి."

"సాక్సు విప్పు."

"ఏం లేదే. బూటు కొరికింది, చిన్నగ. నొప్పి గూడ లేదు."

నొప్పి లేదన్న మాటే నన్ను భయపెట్టింది. షుగరున్నవాళ్ళ కాలికి పుండు పడితే తెలియదమ్మా, బాపు కాళ్ళు రోజూ చూస్తుండు అని అఖిల ఎన్నిసార్లు చెప్పిందో. నేను చూడలేదు. అంకెలు బాగున్నాయి కదా అని చూడలేదు. వంగి కాలు పట్టుకోబోయాను, ఆయన కుర్చీ కిందికి లాక్కున్నాడు. అప్పుడు వాసన వచ్చింది, కుళ్ళిన గడ్డి వాసన.

"నడువు, ఇప్పుడే దవాఖానకు పోదాం."

"మీటింగైనంక పోదాం. ఒక్క పూట, పుష్పా. మిల్లుల ఎవడు నన్ను పేరు పెట్టి పిలువలె, ల్యాబాయన అన్నరు. జీవితంల ఒక్కసారి మైకు ముందట నిలబడుత. మధ్యాహ్నం నువ్వు యాడికంటే ఆడికి వస్త."

ఎడ్డిదాన్ని, ఒప్పుకున్నాను. ఆ మొహం చూసి ఎట్లా కాదనను? దవాఖాన ఫైలు సంచిలో పెట్టుకుని, మండలితో పాటు ఆటో ఎక్కాను. దారంతా బాలనర్సయ్య టౌ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎజ్రా తలూపుతూ ఉన్నాడు. నేను మా ఆయన ఎడమకాలి బూటు తప్ప ఇంకేమీ చూడలేదు.

హాలులో జనం బాగానే వచ్చారు, మీటింగు తర్వాత ఉప్మా పెడతారు. మా ఆయన మైకు ముందు నిలబడ్డాడు. ఉన్న మాట చెప్పాలి కదా, బాగా మాట్లాడాడు. మొదట మిల్లు గురించి చెప్పాడు. గాజు గొట్టం రసంలో ఎట్లా మునుగుతుందో చేత్తో చూపించాడు. ముసలివాళ్ళంతా నోళ్ళు తెరిచి విన్నారు, అందులో సగంమంది చెరకు పండించినవాళ్ళే.

"రసం వేడెక్కితే పరికరం తక్కువ చూపిస్తది," అన్నాడు. "అప్పుడు ఏం జెయ్యాలె? కలపాలె. తీసెయ్యొద్దు. ఒక కొత్త పిలగాడు వచ్చిండు మా ల్యాబుకు, వేడి ఎక్కువుందని తీసేసిండు. ఎందుకు తీసేసినవ్‌రా అంటే, అంకె మంచిగ కనవడాలని అన్నడు. ఆ పూటకే బయటికి పంపిన. అంకె మంచిగ కనవడాలని తీసేసెటోడు కెమిస్టే కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. కోపమో భయమో, రెండూనో, కూర్చోలేకపోయాను. ముందు వరసలోంచి లేచాను.

"నాదొక ప్రశ్న," అన్నాను.

హాలులో నవ్వులు. "వదినె గూడ సైంటిస్టయిందన్నా," అని బాలనర్సయ్య వేదిక మీంచి మురిసిపోయాడు.

"వేడైతే కలపాల్నా, తీసెయ్యాల్నా?"

"కలపాలె," అన్నాడు మా ఆయన మైకులో. "చెప్పిన కదా."

"మరి పొద్దుగాల ఎందుకు తీసేసినవ్?"

నవ్వులు ఇంకా ఎక్కువయ్యాయి, ఇదేదో మొగుడూ పెళ్ళాల సరసమనుకున్నారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. నేను ఆగలేదు.

"పొద్దుగాల నీ మిషను ఎంత చూపించింది?"

ల్యాబులో ఎవరైనా అంకె అడిగితే చెప్పడం ఆయనకు అలవాటు. ఆ అలవాటే నోరు తెరిపించింది. "మూడొందల పద్దెనిమిది," అన్నాడు మైకులో.

"గా ఎండల, గా వేడికి, కలిపితే ఎంత?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గోడ మీద లేని పట్టికను చూస్తున్నాడని నాకు తెలుసు. ఇంత చదివినా ఈ మనిషికి ఒక్కసారి కూడా తట్టలేదా అనుకున్నాను. తట్టే ఉంటుంది. వేడైతే కలపాలని ఆయన నిద్రలో లేపినా చెప్తాడు. మిషనుకు ఏ సవరణా అక్కర్లేదని, అది ఎంత చూపిస్తే అంతేనని, అదీ తెలియనివాడు కాడు. ఒంట్లో ఉన్న అంకె మంచిగా కనపడాలంతే. బయటికి పంపిన ఆ కొత్త పిలగాడు మా ఇంట్లోనే కాపురముంటున్నాడు.

"ఎంతైనా," అన్నాడు చివరికి, మైకు పక్కకు జరిపి, "నూట యాభై మాత్రం కాదు."

అక్కడే వేదిక మెట్టు మీద కూర్చుని బూటు విప్పాడు. సాక్సు రాలేదు, పుండుకు అంటుకుపోయింది. ఎజ్రా మోకాళ్ళ మీద కూర్చుని, తాగే నీళ్ళు సీసాలోంచి కొంచెం కొంచెం పోస్తూ, పసిపిల్లవాడికి బట్టలు మార్చినంత మెల్లగా దాన్ని ఊడదీశాడు. ఎడమకాలి చిటికెన వేలు నల్లగా అయిపోయింది. ఎజ్రా తలూపలేదు. నర్సుగా చేస్తున్న తన బిడ్డ హెప్సిబాకు ఫోను చేసి, "అమ్మా, బెడ్డు చూడు, ఇప్పుడే వస్తున్నం," అన్నాడు. మేము ఆటో ఎక్కుతుంటే సంఘం కార్యదర్శి వందన సమర్పణ చేస్తున్నాడు. షుగరు జబ్బు మీద ఇంత చక్కగా కళ్ళకు కట్టినట్టు చెప్పిన దేవిదాస్ గారికి సంఘం తరఫున కృతజ్ఞతలట. ప్రోటాను పేరు కూడా ఎత్తలేదు.

వేలు తీసేశారు. ముందే వచ్చి ఉంటే ఉండేదని డాక్టరమ్మ చెప్పింది, ఇంకొన్నాళ్ళు ఆగితే పాదం పోయేదని కూడా చెప్పింది. నేను కారిడారులో కూర్చుని ఏడ్చాను. నలుగురిలో ఆయన పరువు తీశానని ఒక పక్క, పొద్దునే బలవంతంగా లాక్కురాలేదని ఒక పక్క. హెప్సిబా వచ్చి పక్కన కూర్చుని, "ఏడవకు అత్తమ్మా, కాలుంది," అంది. కాలుంది. ఆ మాటే పట్టుకుని లేచాను.

మర్నాడు మండలి చూడటానికి వచ్చింది. బాలనర్సయ్య చేతిలో సంచి నిండా సపోటాలు. షుగరు పుండుతో పడుకున్న మనిషికి సపోటాలు తెచ్చే బుద్ధి ఈ భూమ్మీద ఆయనొక్కడికే ఉంటుంది. సంచి నా చేతికిచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, టౌ దొరికింది," అన్నాడు. "మనకు ఒకటి ఎక్కువొస్తున్నది కద. గా ఒక్కటి తీసేస్తే సరిపాయె. గింతే. ఇన్నాళ్ళు మనకు తట్టలే సూడు."

ఎజ్రా కట్టుకట్టిన కాలు వైపు చూసి, బాలనర్సయ్య భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. బాలనర్సయ్యకు అర్థం కాలేదు. భూములు కొలిచినంత కాలమూ గట్ల మీద ఉన్న మనుషులను చూశాడో లేదో.

మా ఆయన దిండుకు ఆనుకుని కాస్త లేచి కూర్చున్నాడు.

"తీసేసిన ఒకటి ఏ ఖాతల రాస్తవ్, నర్సన్నా?"

"ఇంకేముంది, తెలియని నష్టం."

మా ఆయన కాలు వైపు చూసుకున్నాడు. కట్టు చివర నాలుగు వేళ్ళు బయటికి కనపడుతున్నాయి.

"ఎవలు తీసేసిండ్రో తెలుసు," అన్నాడు. "ఎందుకు తీసేసిండ్రో తెలుసు. ఎన్నడు చూపిచ్చుకుంటే వేలు ఉంటుండెనో గది గూడ తెలుసు. గిది తెలిసిన నష్టం. గట్లనే రాయి."

బాలనర్సయ్య స్టూలు వెనక్కి జరిపాడు. కాసేపటికి ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. సపోటాలు నేను హెప్సిబాకు ఇచ్చేశాను.

తెల్లారి హెప్సిబా వచ్చి ఆయన వేలు పొడిచింది. మిషను తన చేతికివ్వమని ఆయన అడిగాడు. నేను కిటికీ దగ్గర ఫ్లాస్కు కడుగుతున్నాను.

"రెండొందల పదకొండు," అన్నాడు, బాల్కనీలోంచి అరిచినట్టే గట్టిగా.

నేను నమ్మలేదు. తడిచేతులతోనే వెళ్ళి ఆయన చేతిలోంచి మిషను లాక్కుని చూశాను. రెండు వందల పదకొండే ఉంది.